ఓడ కదలడానికి నాలుగు గంటల ముందే గైరో ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి సరకు ఓడలో డెక్ కేడెట్. ఉత్తర దిశ చూపే గైరో కంపాస్ ఆపి ఉంటే, బయలుదేరడానికి నాలుగైదు గంటల ముందే ఆన్ చేయాలంటాడు. స్విచ్ వేయగానే ఉత్తరం చూపదా? జీపీఎస్ ఉండగా అదెందుకు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చూపదండీ. అందులో అయస్కాంతం లేదు, ఉత్తరాన్ని అదే వెతుక్కోవాలి. జోరుగా తిరిగే సైకిల్ చక్రం ఇరుసును రెండు చేతులా పట్టుకుని ఒక కొన కిందికి నొక్కి చూడండి. కిందికి దిగదు, పక్కకు తిరుగుతుంది! గైరోలో నిమిషానికి వేల చుట్లు తిరిగే చక్రం, అంటే రోటర్‌దీ ఇదే తంతు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంటే, ఇరుసు తూర్పు కొన మెల్లగా పైకి లేస్తుంది. కింద వేలాడే బరువు దాన్ని సమం చేయబోతుంది. ఆ లాగుడుకు ఇరుసు ఉత్తరం వైపు మళ్లి, ఉత్తరాన్ని దాటిపోయి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఒక్కో ఊపుకు దాదాపు 84 నిమిషాలు. లోపలి నూనె ఊపును తగ్గిస్తుంది. మూడు ఊపులైతే గానీ నిలబడదు. అంత నిదానం కావాలని పెట్టిందే. ఊపుకు 84 నిమిషాలన్న ఆ లెక్క కుదిరితే ఓడ వేగం మారినా గైరో ఊగిపోదని జర్మనీకి చెందిన మాక్స్ షూలర్ 1923లో చూపించాడు.

జీపీఎస్ ఓడ ఎక్కడుందో, ఎటు జరుగుతోందో చెబుతుంది. ఒకే యాంటెన్నా ఉంటే ముక్కు ఎటుందో చెప్పలేదు. పక్కగాలికి ఓడ ముక్కు ఒక వైపు, నడక మరో వైపు ఉంటాయి. ఆటోపైలట్‌కూ రాడార్‌కూ కావలసింది ముక్కు దిశే.

గైరోకూ తప్పులున్నాయి. విశాఖ అక్షాంశంలో 20 నాట్ల (గంటకు 20 నాటికల్ మైళ్ల) వేగంతో నేరుగా ఉత్తరానికి వెళ్తే సుమారు 1.3 డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. సరిచేయకుండా 60 నాటికల్ మైళ్లు నడిస్తే దాదాపు 1.4 నాటికల్ మైళ్లు పక్కకు పోతారు. తూర్పు పడమరలకు వెళ్తే ఈ తప్పు సున్నా. అందుకే వేగం, అక్షాంశం సరిగా ఎక్కించారో లేదో చూడాలి. పాత యంత్రాల్లో చేత్తో ఎక్కిస్తారు, మరిచిపోయేదీ అక్కడే. మాస్టర్‌కూ (అసలు గైరోకూ), దాని దిశను వేరే చోట్ల చూపే రిపీటర్లకూ అంకె కలుస్తోందా అన్నదీ చూసుకోవాలి. సూర్యోదయ దిశతో గానీ, ఒకే గీతలో కనిపించే రెండు తీర గుర్తులతో గానీ తప్పెంతో లెక్కకట్టి రిజిస్టర్‌లో రాస్తారు.

కరెంటు పోయినప్పుడే అసలు మోసం. రోటర్ వెంటనే ఆగదు, అంకె కనిపిస్తూనే ఉంటుంది, కానీ దిశ మెల్లగా జారిపోతుంది. కరెంటు వచ్చినా మళ్లీ స్థిరపడేదాకా మాగ్నెటిక్ కంపాస్ చూసే ఓడ నడపమనండి.