డైవర్సిటీ టీమ్‌లో చేరబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఆఫర్ లెటర్ చదివాను. డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ అండ్ కమ్యూనిటీ ఇంపాక్ట్ మేనేజర్ అట, విజిటింగ్ కార్డు మీద రెండు లైన్లు పడుతుంది. అన్ని రకాల వాళ్లకూ పనిలో, కథల్లో చోటు దొరికేలా, చుట్టుపక్కల జనానికి మేలు జరిగేలా చూసే పనన్నమాట. సినిమాలు, సీరియళ్లు, స్ట్రీమింగ్, పార్కులు అన్నీ ఉన్న హాలీవుడ్ కంపెనీలో ఉద్యోగం అంటే సంతోషమే మరి. సలహా అడిగావు కాబట్టి చెప్తున్నా. నేను నీ వైపు ఉద్యోగం ఎప్పుడూ చేయలేదు. నాది ప్రొడక్షన్ అకౌంట్స్, అంటే మీటింగుల్లో చెప్పిన మంచి మాటలు చివరికి ఏ ఖర్చు కింద పడ్డాయో, అసలు పడ్డాయో లేదో చూసే సీటు. అక్కణ్నుంచి కనిపించింది రాస్తాను, నచ్చనిది పెద్దమ్మ చాదస్తం అనుకుని వదిలెయ్.

ముందు ఆ డిపార్ట్‌మెంట్ పేరు మీద మమకారం పెంచుకోకు. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు హత్య చేశాక కంపెనీలన్నీ పోటీలు పడి ఈ పదవులకు మనుషుల్ని పెట్టుకున్నాయి, ప్రకటనలు చేశాయి. మూడేళ్లు తిరిగాయో లేదో, 2023 వేసవిలో డిస్నీ, నెట్‌ఫ్లిక్స్, వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ మూడింటిలోనూ ఆ పదవుల్లో ఉన్నవాళ్లు వెళ్లిపోతున్నారన్న వార్తలు కొద్ది వారాల తేడాలో వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో డిస్నీ, పెద్ద అధికారుల బోనస్ లెక్కగట్టే అంశాల్లోంచి డైవర్సిటీ అన్న మాట తీసేసి 'టాలెంట్ స్ట్రాటజీ' అని పెట్టింది. అదే నెలలో పారమౌంట్ నియామకాల్లో అంకెల లక్ష్యాలు ఎత్తేసింది. అమెరికాలో టీవీ, రేడియోలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ, ఈ డైవర్సిటీ కార్యక్రమాల గురించే ముందు కామ్‌కాస్ట్ మీద, తర్వాత డిస్నీ మీద విచారణ మొదలుపెట్టింది. స్కైడ్యాన్స్ అనే నిర్మాణ సంస్థ అయితే పారమౌంట్‌ని కలుపుకోవడానికి ఎఫ్‌సీసీ అనుమతి కావాల్సి వచ్చినప్పుడు, మాకు అలాంటి కార్యక్రమాలేవీ ఉండవని రాసే ఇచ్చింది. ఇవన్నీ నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు. నీ కుర్చీ ఎప్పుడైనా లేచిపోవచ్చు, అది లేచిపోయాక కూడా జరుగుతూనే ఉండే పని ఏది అన్నది మొదటి రోజు నుంచే చూసుకోమంటున్నాను, అంతే.

అలాంటి పని ఉంటుందా అంటే, ఉంటుంది. క్యాప్షన్లు చూడు, తెర మీద మాటల్ని అక్షరాల్లో చూపించేవి. చెవిటివారి జాతీయ సంఘం నెట్‌ఫ్లిక్స్ మీద కేసు వేస్తే 2012లో రాజీ కుదిరింది, 2014 కల్లా అమెరికాలో ఇచ్చే అన్ని వీడియోలకూ క్యాప్షన్లు ఉండాలని. ఆ తర్వాత అది ఎవరి దయా దాక్షిణ్యం మీదా ఆధారపడలేదు. సినిమా పూర్తిచేసి కంపెనీకి అప్పగించేటప్పుడు ఇవ్వాల్సిన ఫైళ్ల జాబితాలో క్యాప్షన్ ఫైలు ఒకటి, అది లేకపోతే డెలివరీ అయినట్టు కాదు, డెలివరీ కాకపోతే చివరి పేమెంటు రాదు. నేనైతే ఆ చివరి పేమెంటు కోసం నిర్మాతలు అర్ధరాత్రి ఫోన్లు చేయడం చూశాను, క్యాప్షన్లు ఎందుకు ముఖ్యమో వాళ్లకు ఎవరూ క్లాసు పీకాల్సిన అవసరం రాలేదు. చూపు లేనివాళ్ల కోసం తెర మీద జరిగేది మాటల్లో చెప్పే ఆడియో డిస్క్రిప్షన్ కూడా అదే జాబితాలో ఉందా, ట్రైలర్లకు ఉందా, పాత సినిమాలకు ఉందా, ఇది నీ మొదటి నెలలోనే కనుక్కో. పోస్టరు డిజైను మీద పెట్టే టైము ఆ జాబితా మీద పెట్టు.

లెక్కల సంగతి. నీ చేతికి ఏడాదికో రిపోర్టు వస్తుంది, మొత్తం కంపెనీలో ఎవరెంత శాతం అని, రంగురంగుల బొమ్మలతో. దాన్ని చూసి ఏ మేనేజరూ తన పద్ధతి మార్చుకోడు, ఎందుకంటే అందులో అతని తప్పు ఎక్కడుందో కనిపించదు. బీబీసీలో 2017లో 'అవుట్‌సైడ్ సోర్స్' అనే వార్తా కార్యక్రమం వాళ్లు వేరే దారి పట్టారు. రోజూ కార్యక్రమం అయిపోగానే ఆ రోజు ఎంతమంది ఆడవాళ్లు మాట్లాడారు, ఎంతమంది మగవాళ్లు అని అక్కడికక్కడే లెక్క రాసుకునేవాళ్లు. దేశాధ్యక్షుడి గురించిన వార్తలో దేశాధ్యక్షుణ్ని లెక్కలో వేయరు, ఆయన్ని మార్చడం వాళ్ల చేతిలో లేదు కదా. తాము పిలిచిన నిపుణులు, విలేకరులు, వీళ్లే లెక్క. ఆడవాళ్లు 39 శాతం ఉన్నది నాలుగు నెలల్లో 50కి వచ్చింది. ఎవరినీ ఎవరూ తిట్టలేదు, శిక్షణ తరగతులూ పెట్టలేదు. తర్వాత దాన్ని బీబీసీలో మిగతా టీములూ, బయటి సంస్థలూ తీసుకున్నాయి. నీ దగ్గర కూడా అలాంటి చిన్న లెక్క ఏదో ఒకటి ఉంటుంది: ఈ సీజన్‌కి డైరెక్టర్ల కోసం ఎవరెవరి పేర్లు చూశారు, అందులో ఎంతమందిని పిలిచి మాట్లాడారు. ఆ లెక్క ఎవరి పని వాళ్లే, పని అయిన వెంటనే రాసుకునేలా చెయ్, నువ్వు పోలీసులా వెంటపడకు.

ఇంకొకటి, తెర మీద ఎవరున్నారన్నది అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. నువ్వు క్రూ లిస్టు, అంటే తెర వెనక పనిచేసేవాళ్ల పేర్లు కూడా ఉండే జాబితా, చదవడం నేర్చుకో. పైన నటీనటులు రకరకాల వాళ్లు ఉంటారు, కిందికి వెళ్లేకొద్దీ కెమెరా, లైటింగ్, ఎడిటింగ్ దగ్గర అవే ఇంటిపేర్లు, అన్నదమ్ములు, బావమరుదులు. అక్కడ ఉద్యోగాలు ప్రకటన చూసి రావు, శుక్రవారం సాయంత్రం ఒకరికొకరు ఫోన్ చేసుకుని సోమవారానికి మనిషిని పిలిపించుకుంటారు. ఆ ఫోనులో నంబరు లేనివాడికి ఎంత టాలెంటు ఉన్నా లాభం లేదు. ఆస్కార్ అకాడమీ 2024 అవార్డుల నుంచి ఉత్తమ చిత్రానికి నాలుగు ప్రమాణాలు పెట్టి, వాటిలో కనీసం రెండు చేరుకోవాలంది. అందులో ఒకటి కొత్తవాళ్లకు జీతమిచ్చి నేర్పించడం గురించి. నన్నడిగితే నాలుగింటిలో దానికే ఎక్కువ బలం ఉంది, కానీ దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. జీతం లేని ట్రైనీ పని అంటే, ఇంట్లోవాళ్లు లాస్ ఏంజిలిస్‌లో అద్దె కట్టగలిగిన పిల్లలకు మాత్రమే పని అని అర్థం.

లీగల్ వాళ్లతో మొదటి వారంలోనే స్నేహం చేసుకో. అమెరికా 1964 పౌర హక్కుల చట్టంలోని టైటిల్ సెవెన్ ప్రకారం జాతి, రంగు, మతం, లింగం చూసి ఉద్యోగం ఇవ్వడమూ కుదరదు, ఇవ్వకపోవడమూ కుదరదు. ఎక్కువ సంఖ్యలో ఉన్న వర్గం వాళ్లు కేసు వేసినా కొలమానం ఒకటేనని 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. సీబీఎస్ టీవీ సంస్థ మీద ఒక స్క్రిప్ట్ కోఆర్డినేటర్ అలాంటి దావానే వేస్తే 2025లో రాజీ చేసుకున్నారు. అందుకని 'ఈ పోస్టు ఫలానా వాళ్లకే' అని నోటితో అనకు, మెయిల్లో అసలే రాయకు. వెతికే చోట్లు పెంచు, ఇంటర్వ్యూలో అందరినీ ఒకే ప్రశ్నలు అడిగేలా చెయ్, పోస్టు ఉందన్న సంగతి ఎక్కువమందికి తెలిసేలా చెయ్. ఇవి చట్టానికి లోబడే ఉంటాయి, పైగా పనిచేస్తాయి కూడా.

కథల విషయంలో నీకు ఎక్కువ టెన్షన్ వచ్చేది ఇక్కడే. స్క్రిప్టు లాక్ అయి, సెట్లు వేసేశాక ఒకరోజు నీకు మెయిల్ వస్తుంది, "సెన్సిటివిటీ పరంగా ఒకసారి చూసి చెప్పండి, శుక్రవారం లోపు" అని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. అప్పుడు నువ్వు ఏం చెప్పినా ఖర్చే, కాబట్టి ఏదీ చేయరు, రేపు గొడవైతే మాత్రం "వాళ్ల టీమ్ చూసింది" అంటారు. డిస్నీ 2013లో 'దియా దె లోస్ ముయెర్తోస్' అనే మాటకి ట్రేడ్‌మార్క్ కోసం అప్లికేషన్ పెట్టింది. అది మెక్సికో జనం చనిపోయిన తమవాళ్లను తలుచుకునే పండగ పేరు. పండగ పేరు మీద హక్కు ఏంటని జనం మండిపడితే వెనక్కి తీసుకున్నారు. లాలో అల్కరాజ్ అనే కార్టూనిస్టు అప్పుడు మిక్కీని ఎముకల రాక్షసుడిలా గీసి ఉతికి ఆరేశాడు. తర్వాత అదే మనిషిని ఆ పండగ మీద తీస్తున్న సినిమాకి సలహాదారుగా పిలిచారు, 2017లో 'కోకో' వచ్చింది. తిట్టినవాణ్ని డబ్బులిచ్చి గదిలో కూర్చోబెట్టుకోవడానికి కంపెనీకి ఎంత మనసు ఉండాలో, వెళ్లడానికి ఆయనకి ఎంత ధైర్యం ఉండాలో ఆలోచించు, ఆయన్ని అమ్ముడుపోయాడని అన్నవాళ్లూ ఉన్నారు మరి.

దానికంటే నాకు నచ్చింది సామీ ప్రజలతో, అంటే యూరప్ ఉత్తర కొసన ఉండే ఆదివాసీలతో, జరిగిన ఒప్పందం. 'ఫ్రోజెన్' మొదటి భాగంలో తమ సంస్కృతిని చెప్పాపెట్టకుండా వాడుకున్నారని వాళ్లలో కొందరు విమర్శించారు. రెండో భాగానికి 2019లో నార్వే, స్వీడన్, ఫిన్‌లాండ్ దేశాల సామీ పార్లమెంట్లూ, సామీ కౌన్సిలూ డిస్నీతో కూర్చుని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాయి, సలహా బృందం ఏర్పడింది, ఉత్తర సామీ భాషలో డబ్బింగ్ కూడా వచ్చింది. కాగితం ఉంది చూశావా, అకౌంట్స్ మనిషిగా నాకు అదే ముఖ్యం. ఎవరితో మాట్లాడాలో ఆ సమాజమే చెప్పింది, వాళ్లకు ఏం దక్కుతుందో రాసి ఉంది. నువ్వు సలహాదారుల్ని తెచ్చినప్పుడల్లా మూడు అడుగు: కథ ఏ దశలో పిలుస్తున్నారు, ఎంత ఇస్తున్నారు, వాళ్లు వద్దన్నదాన్ని కాదనే అధికారం ఎవరిది. మూడో దానికి జవాబు ఎవరూ చెప్పకపోతే ఆ సలహాదారుని పేరు టైటిల్స్‌లో వేయడానికి మాత్రమే తెచ్చారని అర్థం.

మీ కంపెనీలో ఉద్యోగుల గ్రూపులు ఉంటాయి, నల్లజాతి ఉద్యోగులవి, ఆసియా వాళ్లవి, వికలాంగులవి, ఎల్‌జీబీటీ వాళ్లవి. మంచివే, కొత్తగా వచ్చినవాళ్లకు కొండంత అండ. కానీ ప్రతివాళ్లూ వాళ్లతో ఉచితంగా పని చేయించుకుంటారు. "ఈ సీను ఒకసారి చదివి పెట్టమ్మా" అని మార్కెటింగ్ వాళ్లు అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయికి మెయిల్ పెడతారు, తను రాత్రి కూర్చుని చదువుతుంది, ఏడాది చివర్లో తన రేటింగులో దాని ఊసే ఉండదు. ఇది నా టీములోనే చూశాను. ఆ గంటలకు ఒక ఖర్చు కోడ్ పెట్టించు, ఆ పని డబ్బు అడిగినవాళ్ల లెక్కలో పడేలా. కోడ్ ఉంటే అడిగేవాళ్లు సగానికి సగం తగ్గిపోతారు, మిగిలిన సగం డబ్బులిచ్చి అడుగుతారు.

షూటింగ్ దగ్గర అడ్డంకులు మరీ చిన్నగా ఉంటాయి, అందుకే ఎవరికీ కనిపించవు. మేకప్ వ్యాన్‌కి, టాయిలెట్ వ్యాన్‌కి నాలుగు ఇనుప మెట్లు ఉంటాయి, వీల్‌చెయిర్‌లో ఉన్న రచయిత అక్కడే ఆగిపోతారు. నల్లజాతి నటీనటులు తమ జుట్టుకి, చర్మానికి సరిపడే సామాను ఇంటి నుంచి తెచ్చుకుని సెట్‌కి వచ్చేముందే తమ డబ్బుతో తయారై రావడం చాలాకాలంగా ఉన్నదే. ర్యాంపు ఉన్న వ్యాన్ ముందే బుక్ చేస్తే మామూలు అద్దె, ముందురోజు రాత్రి వెతికితే రెట్టింపు. కాబట్టి మనిషిని తీసుకున్నప్పుడే ఏం కావాలో అడిగే ఫారం ఒకటి, దానికి బడ్జెట్‌లో ఒక లైను ఉండేలా చూడు. అడగడం అందరినీ అడగాలి, కనిపించేవాళ్లనే కాదు.

కమ్యూనిటీ ఇంపాక్ట్ అన్నది మాత్రం జాగ్రత్త, అది ఫొటోల గొయ్యి. పెద్ద అట్టముక్క చెక్కు, చుట్టూ టీషర్టులు. ఏడాదికోసారి వెళ్లి గోడలకు రంగులేసి వచ్చే బదులు, స్థానిక సంస్థలకు అద్దెకీ జీతాలకీ పనికొచ్చే డబ్బు కొన్నేళ్లు వరసగా ఇవ్వమని అడుగు. నెట్‌ఫ్లిక్స్ 2021లో ప్రకటించిన క్రియేటివ్ ఈక్విటీ ఫండ్ ఏడాదికి 2 కోట్ల డాలర్ల చొప్పున ఐదేళ్లకు, ఆ పద్ధతి బాగుంది. దానికంటే తెలివైంది అంతకుముందు ఏడాది చేశారు: తమ దగ్గరున్న నగదులో 2 శాతం, మొదట 10 కోట్ల డాలర్ల దాకా, నల్లజాతి సమాజాలకు అప్పులిచ్చే బ్యాంకులూ సంస్థలవైపు మళ్లించారు. చాలావరకు ఆ డబ్బు దానంగా పోలేదు, ఉండే చోటు మారింది, అంతే. నీ బాస్ దానం అంటే మొహం మాడ్చుకుంటే కంపెనీ నగదు ఎక్కడ ఉంచాలో చూసే ట్రెజరీ వాళ్లను కదుపు. మీ లారీలు ఆగే వీధిని కూడా మర్చిపోకు. షూటింగ్ ఉన్న రోజుల్లో అక్కడి దుకాణాలకు బేరాలుండవు, పార్కింగ్ ఉండదు, రాత్రంతా జనరేటర్ మోత. ఆ వీధివాళ్లకు నష్టపరిహారం సరిగ్గా, టైముకి అందిందో లేదో చూడటం కూడా కమ్యూనిటీ ఇంపాక్టే, దానికి అవార్డు ఎవరూ ఇవ్వరు గానీ.

మనుషుల గురించి ఒక్క మాట. నిన్ను వ్యతిరేకించేవాళ్లలో అందరూ చెడ్డవాళ్లు కారు, కొందరికి షెడ్యూలు భయం, కొందరికి మాట తూలితే ఉద్యోగం పోతుందన్న భయం. షూటింగ్‌కి మనుషుల్నీ ఖర్చునీ రోజూ చూసుకునే లైన్ ప్రొడ్యూసర్ దగ్గరికి వెళ్లినప్పుడు విలువల గురించి మొదలుపెట్టకు, "నీకు ఏ రోజు మనుషులు దొరకట్లేదు?" అని అడుగు, నీ దగ్గరున్న పేర్లు అప్పుడు ఇవ్వు. ఒకసారి నువ్విచ్చిన మనిషి వల్ల పని గట్టెక్కితే తర్వాత వాళ్లే ఫోన్ చేస్తారు.

ఇక సంతకం పెట్టేముందు రెండు అడుగు. నువ్వు రిపోర్ట్ చేసేది ఎవరికి, హెచ్‌ఆర్‌లో ఎక్కడో కిందనా లేక సినిమాలకు, సిరీస్‌లకు గ్రీన్‌లైట్ ఇచ్చే మీటింగులో కూర్చునే మనిషికా? నీ టీమ్‌కి సొంత బడ్జెట్ ఉందా, లేక ప్రతిసారీ మార్కెటింగ్ వాళ్లను అడుక్కోవాలా? ఫోన్లో అన్నీ ఔననే అంటారు, మెయిల్లో రాయించుకో. జవాబు రాగానే నాకు పంపు, జీతం బేరం సంగతి అది చూశాక మాట్లాడుకుందాం. మీ అమ్మ చెప్పిన అంకె నాకు తక్కువే అనిపించింది.

మీ పెద్దమ్మ