మహేంద్రగిరి ఎక్కించబోతున్న మా అమ్మడికి

అమ్మడూ,

ఈ సెలవుల్లో నువ్వే సొంతంగా ఓ రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే తలో పాత్రా తీసుకుని కథ నడిపే ఆట, కట్టి, పర్లాకిమిడి పిల్లలందర్నీ కూచోబెట్టి ఆడిస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మహేంద్రగిరి అడవి, దారి తప్పిన బాటసారులు, భీముడి గుడి దగ్గర దొరికే ఆనవాలు. కథ విని "మా గుంటే!" అని బరంపురంలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆ తర్వాత నువ్వు పంపిన స్కిల్స్ జాబితా, అదే పాత్రలకి వచ్చిన పనుల జాబితా, చూశాను. నలభై పైచిలుకు! ఏటే ఇది, కిరాణా చీటీయా?

పాచికలకి ఖర్చు పెట్టకు, రెండు లూడో పాచికలు చాలు. మొత్తం 7 గానీ ఆపైన గానీ పడితే నెగ్గినట్టు. 36 పాట్లలో 21 సార్లు అలా పడుతుంది. పాత్రకి ఆ పనిలో ఉన్న స్కిల్ అంకెని పాచికల మొత్తానికి కలుపు: స్కిల్ 1 ఉంటే 26 సార్లు నెగ్గుతారు, 2 ఉంటే 30, 3 ఉంటే 33. అంతకు మించి ఎవరికీ ఇవ్వకు, ఓడిపోతామన్న భయం పోతే పాచిక వేయడమే దండగ.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు దాక్కోవడం, చప్పుడు కాకుండా నడవడం, నీడలో కలిసిపోవడం అని మూడు రాశావు. మా హాస్టల్లో ఆట నడిపిన సీనియర్ కూడా సరిగ్గా ఇలాగే రాశాడు. మాలో ఒకడుండేవాడు, పదిమందిలో నోరు విప్పని మనిషి. దొంగ పాత్ర తీసుకుని ఉన్న పాయింట్లన్నీ ఆ మూడింటికే పంచుకున్నాడు, ఒక్కోదాంట్లో నెగ్గే అవకాశం నూటికి 60 వచ్చింది. బాగానే ఉంది కదా అనుకుంటాం. కానీ కోటలోకి దూరాలంటే మూడూ వరసగా నెగ్గాలన్నాడు సీనియర్. లెక్క కట్టి చూడు, నూటికి 22 కూడా రాదు. ప్రతిసారీ దొరికిపోయాడు, ప్రతిసారీ మేమందరం నవ్వాం. మర్నాటి నుంచి వాడు ఆటకి రాలేదు. ఇలాంటి ఆటల్లో పేరుమోసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళే 2000లో దాక్కోవడాన్నీ సద్దులేని నడకనీ విడివిడిగా పెట్టి, 2008కల్లా ఒకటి చేసేశారు. నీ ఆటలో కూడా ఓ మూల నోరు మెదపని పిల్ల ఒకతి ఉంటుంది. ఆ పిల్లకి తన స్కిల్ పనికొచ్చే ఘట్టం సాయంత్రంలో ఒక్కటైనా పడాలి. మిగతావన్నీ తర్వాత.

అలాగని అన్నీ కలిపేయకు. "భాషలు" అని ఒకే గడి గీశావు, పర్లాకిమిడిలో పుట్టి ఇదేం పనే? తెలుగు, ఒడియా, సవర వేరువేరుగా రాయి. ఒడియా వచ్చినవాడు సంతలో నెట్టుకొస్తాడు, సవర వచ్చినవాడికే కొండమీద ముసలాయన దారి చెబుతాడు. పనులు వేరు కాబట్టి స్కిల్సూ వేరు. దాక్కున్నా, మెల్లగా నడిచినా పని ఒకటే, కంటబడకుండా పోవడం. భాషకి పాచిక కూడా వద్దు. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చి నిఘంటువు దాకా వెళ్ళారు. అది వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

గుడి దగ్గరి ఆనవాలుకీ పాచిక పెట్టకు తల్లీ. అది తప్పితే కథ అక్కడే ఆగి, పిల్లలంతా నీ మొహం చూస్తూ కూచుంటారు. వెతికితే దొరికిందను, ఎంత త్వరగా దొరికిందో మాత్రం పాచిక చెప్పాలి.

జాబితా పన్నెండుకి దించి మళ్ళీ పంపు. వేళకి తిను, రాత్రుళ్ళు మేలుకుని రాయకు. ఇంకొకటి, మీ తమ్ముడు పాచిక వేయడు, పెడతాడు. వాడిచేత గిన్నెలో గిలకొట్టించి మరీ వేయించు.

మీ పెద్ద మావయ్య