రోజూ కీ ఇచ్చేవారికి 80 గంటలు ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారు పొద్దున కాఫీ తాగగానే హెచ్.ఎం.టి. జనతా వాచీకి కీ ఇచ్చేవారు. అదిప్పుడు కర్నూలులో అన్నయ్య దగ్గరుంది. నాకూ రోజూ కీ ఇచ్చే వాచీ ఒకటి కావాలి. పాతకాలపు పోలికతో వస్తున్న టైమెక్స్ మార్లిన్, హామిల్టన్ ఖాకీ ఫీల్డ్ మెకానికల్ నచ్చాయి. రెండోదాని ధర దాదాపు మూడు రెట్లు. అంత తేడా నిజంగా ఉందా? నా మణికట్టు సన్నం. ఆఫీసుకు స్కూటర్ మీద వెళ్తాను.
– ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: అన్నగారితో పేచీ పెట్టుకోకుండా సొంతానికి కొనుక్కోవాలనుకోవడం బాగుంది. జపాన్ సిటిజన్ సంస్థ సాయంతో హెచ్.ఎం.టి. వాచీల తయారీ 1961లో మొదలైంది ఈ బెంగళూరులోనే. మీకు నచ్చిన రెండూ ఆ తరం పోలికలే. మార్లిన్ 1960ల నాటి వాచీకి 2017లో వచ్చిన కొత్త రూపం. హామిల్టన్‌ది అమెరికా సైనికుల వాచీ వరస. అందుకే సైన్యంలో వాడే 24 గంటల లెక్క కోసం 12 అంకెల లోపల 13 నుంచి 24 వరకు చిన్న అంకెలు మరో వరుస ఉంటాయి.

ఇక డబ్బు సంగతి. హామిల్టన్‌లోని హెచ్-50 యంత్రానికి నిండా కీ ఇస్తే 80 గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి బల్ల మీద పెట్టేసినా సోమవారం పొద్దున సరైన వేళ చూపిస్తుంది. గొప్పే, కాదనను. కానీ మీకు కావాల్సింది రోజూ కీ ఇచ్చే ముచ్చట కదా! దానికి మార్లిన్ ఇచ్చే రోజున్నర చాలు. మిగతా గంటలకు డబ్బు పోయడం అనవసరం. చప్పుడులోనూ తేడా లేదు, రెండూ సెకనుకు 6 సార్లు కొట్టుకుంటాయి. జనతా 5 సార్లే. నాన్నగారి వాచీని చెవి దగ్గర పెట్టుకుని విన్నవారైతే ఇవి కాస్త తొందరపడుతున్నట్టు అనిపిస్తాయి.

గాజు దగ్గర మాత్రం హామిల్టన్‌దే పైచేయి. అది సఫైర్, అంత సులువుగా గీతలు పడవు. మార్లిన్‌ది అక్రిలిక్, అంటే ఒకరకం ప్లాస్టిక్. తాళంచెవి, లిఫ్టు తలుపు, ఏది రాసుకున్నా గీత పడుతుంది. అయితే మెత్తటి గుడ్డ మీద కాస్త తెల్ల టూత్‌పేస్టు వేసి గుండ్రంగా రుద్దితే చిన్న గీతలు మాయమవుతాయి. పైగా ఉబ్బెత్తుగా ఉండే ఆ అక్రిలిక్‌ను కాస్త పక్కకు వాల్చి చూడండి, అంచుల్లో అంకెలు వంగి సాగినట్టు కనిపిస్తాయి. పాత వాచీల అందమంతా అక్కడే ఉందని నా పక్షపాతం.

మణికట్టు సన్నమన్నారు కాబట్టి నా తీర్పు మరింత సులువైంది. మార్లిన్ వెడల్పు 34 మి.మీ., హామిల్టన్‌ది 38. నాలుగే కదా అనుకోకండి. హామిల్టన్‌కు బెల్టు తగిలించే కొమ్ములు పొడుగు, సన్నటి చేతి మీద అవి పక్కలకు పొడుచుకొస్తాయి. మార్లిన్ కొనండి. రాత్రి షిఫ్టులుండి చీకట్లో వేళ చూసుకోవాల్సి వస్తే మాత్రం ముళ్లు మెరిసే హామిల్టనే మేలు.

వాన సంగతి కూడా చెప్పాలి. మార్లిన్ మీద 30 మీటర్లని, హామిల్టన్ మీద 50 అని ఉంటుంది. అంత లోతు నీళ్లలోకి దిగవచ్చని కాదు. మార్లిన్ విషయంలో చేతులు కడిగేటప్పుడు పడే చుక్కలకు మాత్రమే ఆ హామీ. సాయంత్రం వాన అందుకుంటే వాచీ తీసి బ్యాగులో పెట్టండి. ఆ బ్యాగు మూతకు అయస్కాంతపు బొత్తం ఉండకూడదు. అయస్కాంతం సోకితే లోపలి సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది. అలా జరిగినా కంగారు లేదు, మరమ్మతు తెలిసినవారు ఆ అయస్కాంతాన్ని క్షణాల్లో పోగొడతారు.

చివరగా, వాచీ చేతికి ఉండగా కీ ఇవ్వకండి. బుడిపెను వాలుగా పట్టుకోవాల్సి వచ్చి లోపలి కడ్డీ మీద భారం పడుతుంది. తీసి చేత్తో పట్టుకుని తిప్పండి, గట్టిగా తగిలినచోట ఆపేయండి.