కంట్రోల్ వెల్ మర్చిపోవద్దమ్మీ

అమ్మీ,

నువ్వు పీహెచ్‌డీలో పెప్టైడ్ ఇన్హిబిటర్లతో, అంటే ఎంజైముల పనిని ఆపే చిన్న ప్రోటీన్ ముక్కల్లాంటి పదార్థాలతో, పని మొదలుపెడుతున్నావని నిన్న మీ నాయన ఫోన్ చేసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మీ జేజికి ఎంత విడమరిచి చెప్పినా "అంటే మందులంగడా?" అనింది, అయినా సాయంత్రానికల్లా కడపలో మా వీధంతా చెప్పొచ్చింది. నాకూ సంతోషమే, కానీ రాత్రి నిద్రపట్టక ఇది రాస్తున్నా.

ఇన్హిబిటర్‌ను డీఎంఎస్ఓ అనే ద్రావకంలో చిక్కగా కరిగించి పెట్టుకున్న స్టాక్‌ను చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టాలని, ఒకే ట్యూబును పదిసార్లు కరిగించకూడదని నీకు తెలుసు. డీఎంఎస్ఓ మాత్రం 18 డిగ్రీల దగ్గరే నెయ్యిలా పేరుకుంటుంది. పైపైన కరిగింది కదా అని పిపెట్ ముంచావంటే లెక్క తప్పినట్టే, మొత్తం కరిగి కలిసిందాకా ఆగు.

ఇక నా ఘనకార్యం విను. కొత్తలో నేను పెప్‌స్టాటిన్ అనే ఇన్హిబిటర్‌తో క్యాథెప్సిన్ డి ఎంజైమును ఆపితే కణాల ఎదుగుదల తగ్గుతుందేమో చూస్తున్నా. ప్లేటులో కణాలు పెంచే ఒక్కో గుంటకు, అంటే వెల్‌కు, ఒక మిల్లీలీటరు మీడియం (కణాలకు తిండి పెట్టే ద్రవం), అందులో ఒకే స్టాక్ నుంచి 1, 5, 10, 20 మైక్రోలీటర్లు వేసుకుంటూ పోయాను. డోసు పెరిగేకొద్దీ కణాలు తగ్గాయి, గ్రాఫ్ మెట్లు దిగినట్టు ఎంత ముచ్చటగా వచ్చిందో! ఆ సాయంత్రమే ఎస్‌టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశా, మీ అబ్బ తెలిసినోళ్ళందరికీ పాలకోవా పంచాడు.

ఆరు నెలలు ఆ గ్రాఫ్ పట్టుకునే తిరిగాను. ఒకరోజు మా గైడ్ సారు దాని మీద వేలు పెట్టి "కంట్రోల్ వెల్‌లో, అదే పోల్చి చూసుకోవడానికి పెప్‌స్టాటిన్ వేయకుండా ఉంచిన వెల్‌లో, ఏం పోశావమ్మా?" అన్నారు. "ఏమీ లేదు సార్, ఉత్త మీడియం" అన్నా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అంతే. తిట్టినా బాగుండేది. 20 మైక్రోలీటర్లంటే వెల్‌లో 2 శాతం డీఎంఎస్ఓ! మళ్ళీ పెప్‌స్టాటిన్ లేకుండా ఉత్త డీఎంఎస్ఓ అవే కొలతల్లో వేసి చూస్తే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి, అంటే కణాలను తగ్గించింది డీఎంఎస్ఓనే. అసలు పెప్‌స్టాటిన్ కణం పొర దాటి లోపలికి సరిగా పోదంట. గుమ్మం బయట నిలబడినవాడికి దొంగతనం అంటగట్టాను.

అందుకే చెప్తున్నా, అన్ని వెల్స్‌లోనూ డీఎంఎస్ఓ ఒకే మోతాదు ఉండాలి, 0.1 శాతం దాటొద్దు. డోసు మార్చాలంటే స్టాక్‌ను డీఎంఎస్ఓలోనే పలుచన చేసి, అదే కొలత వెయ్యి. ఉత్త డీఎంఎస్ఓ వెల్ లేని ప్లేటు నాకు చూపించొద్దు.

నువ్వు వాడే ఇన్హిబిటర్ జెడ్-వ్యాడ్-ఎఫ్ఎంకే అట కదా. అది కాస్పేజ్‌లను, అంటే కణం తనను తాను చంపుకోవడానికి వాడే ఎంజైములను, పట్టుకుంటే వదలదు, కానీ కాస్పేజ్ ఆగింది కాబట్టి కణం బతికిపోయిందనుకోకు, ఎల్929 అనే ఎలుక కణాలైతే దానికే నెక్రాప్టోసిస్ అనే ఇంకో రకం చావు దారి పట్టి చస్తాయి.

ఇంకొకటి, నవ్వొద్దు. గ్లౌజులు. డీఎంఎస్ఓ చర్మంలోంచి దూరిపోతుంది, తనలో కరిగినదాన్నీ వెంటేసుకుపోతుంది. ఒకసారి నా చిటికెన వేలి మీద పడితే కాసేపటికి నోట్లో వెల్లుల్లి రుచి. మధ్యాహ్నం తిన్న కారమేమో అనుకున్నా, తీరా చూస్తే ఆరోజు తిన్నది పెరుగన్నం. అప్పుడు పుట్టిన భయం ఇప్పటికీ పోలేదు. చుక్క పడినా గ్లౌజు మార్చెయ్, ఖర్చని చూడొద్దు, కావాలంటే నేను డబ్బులేస్తా.

రాత్రిళ్ళు ల్యాబులో ఒక్కదానివే ఉండొద్దు, హాస్టల్ చేరగానే మెసేజ్ పెట్టు. మీ నాయనతో ఎర్రకారం సీసా పంపిస్తున్నా, దాన్ని మాత్రం ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టకే తల్లీ.

మీ అత్త