ఎర్రపెన్ను ఇంట్లో పెట్టి వెళ్ళు

అమ్మడూ,

క్లీవ్‌లాండ్‌లో నల్లజాతి నాటక రచయితల వర్క్‌షాప్ పనులు నీకు అప్పజెప్పారని వదిన ఫోన్లో చెప్పింది. సంతోషం. ఇలాంటి చోట్ల ఏళ్ళతరబడి కుర్చీలు వేసినవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

వాళ్ళ భాష జోలికి మాత్రం వెళ్ళకు. నేను చేసిన తప్పే అది. ఒక సిటీ బస్సు డ్రైవరు, యాభై దాటినాయన, లంచ్ బ్యాగులో మడిచి ఒక సీను తెచ్చాడు. 'కాదు, లేదు' అనడానికి వాళ్ళ వాడుక మాట 'ఎయింట్' (ain't) ఉన్నచోటల్లా ఎర్రపెన్నుతో దిద్ది ఇచ్చా. ఆయన కాగితాలు తిరగేసి, థాంక్యూ చెప్పి, మళ్ళీ అలాగే మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. ఇంక రాలేదు. మన సినిమాల్లో శ్రీకాకుళం యాసని నవ్వించడానికే వాడతారని ఒళ్ళు మండిపోయే నేను అక్కడ చేసిందేమిటి మరి!

పేరుమోసిన నల్లజాతి నాటక రచయిత ఆగస్ట్ విల్సన్ అంతటివాడికే తన పేట మాట నాటకానికి సరిపోతుందని చాలాకాలం నమ్మకం కుదరలేదు. 1968లోనే పిట్స్‌బర్గ్ హిల్ డిస్ట్రిక్ట్‌లో రాబ్ పెన్నీతో కలిసి నాటక బృందం పెట్టాడు. అయినా ఆ గొంతులు చెవిన పడింది 1978లో సెయింట్ పాల్‌కి మారాకే. మరుసటేడు లైసెన్సు లేని టాక్సీ డ్రైవర్ల మీద 'జిట్నీ' రాశాడు. కొత్త నాటకాల్ని ఎంచి తీర్చిదిద్దే ఓనీల్ సెంటర్ వాళ్ళు దాన్ని తిప్పి పంపారు. 1982లో వేరే నాటకం తీసుకున్నారు.

వర్క్‌షాప్‌లో నాటకం పైకి చదవాల్సింది నటులే, రచయిత కాదు. నటులకి ఎంతో కొంత డబ్బివ్వండి. రచయిత నోట్‌బుక్ పట్టుకుని నోరు మెదపకుండా వినాలి. తర్వాత జనాన్ని "మీ ధ్యాస ఎక్కడ తప్పింది?" అని అడగండి. "నేనైతే ఇలా రాసేవాణ్ణి" అని మొదలుపెట్టినవాణ్ణి అక్కడే ఆపెయ్యాలి, ఎంత పెద్దవాడైనా సరే.

ఆ ఆపే పని నీది కాదు. ఆ ఇంట్లో నువ్వూ నేనూ చుట్టాలం. మీ ఊళ్ళో 1915లో పుట్టిన కరాము హౌస్ అనే నల్లజాతి నాటక కేంద్రం ఉంది. అక్కడ తలపండిన నల్లజాతి దర్శకుల్ని కలిసి, ఒకరిని పెద్దమనిషిగా కూర్చోమని అడుగు. నువ్వు జిరాక్సులు చూసుకో.

నల్లజాతి మేధావి డూబాయిస్ 1926లోనే చెప్పాడు: నాటకం మన గురించి, మనవాళ్ళు రాసింది, మనవాళ్ళ కోసం, మన దగ్గరే ఆడాలని. ఆ నాలుగోదాన్నే అందరూ మర్చిపోతారు. డౌన్‌టౌన్‌లో కాకుండా వాళ్ళ పేటలో లైబ్రరీ గదో చర్చి హాలో చూడు. ఆఖరి బస్సుకి అరగంట ముందే ముగించు.

జిరాక్సుల మీద పేజీ నంబర్లు మర్చిపోకు. అక్టోబరులో వస్తా, వెనక వరసలో కూర్చుంటా. నన్ను మాట్లాడమని మాత్రం అడక్కు.

మీ బాబాయి