స్ట్రాటజీ ఉద్యోగానికి అనలిటిక్స్ ఒక్కటే చాలదు

ప్రశ్న: గుంటూరులో ఎంబీఏ రెండో ఏడాది చదువుతున్నాను. నాన్నగారిది మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. నాకు కార్పొరేట్ స్ట్రాటజీ వైపు, వీలైతే శ్రీసిటీలోని జపాన్ కంపెనీల్లో చేరాలని ఉంది. ఎలక్టివ్‌గా బిజినెస్ అనలిటిక్స్ తీసుకోవాలా, క్రాస్ కల్చరల్ మేనేజ్‌మెంటా?

జవాబు: రెండోదే తీసుకోండి. అనలిటిక్స్‌కు ఆన్‌లైన్ కోర్సులు బోలెడున్నాయి, సెలవుల్లో నేర్చుకోవచ్చు.

ఒకే రిపోర్టును ఒక్కో దేశపు బాసులు ఒక్కోలా వాడతారు. అమెరికన్ కంపెనీల్లో లెక్కలు స్క్రీన్ మీద పెట్టి మీటింగ్‌లోనే వాదించుకోవడం మామూలు. జపాన్ కంపెనీల్లో చాలావరకు అసలు పని మీటింగ్‌కు ముందే అయిపోతుంది. ప్రతిపాదన పట్టుకుని సంబంధమున్న ప్రతి విభాగానికీ వెళ్లి, అభ్యంతరాలు విని, సరిదిద్దుకుని వస్తారు. దీన్ని నెమవాషి అంటారు. ఆ తర్వాత 'రింగి' అనే ఆమోద పత్రం ఒక్కొక్కరి ముద్రతో కింది నుంచి పైకి వెళ్తుంది. ఇది తెలియని కొత్త ఉద్యోగి తన విశ్లేషణను తిన్నగా మీటింగ్‌లో బయటపెడితే, అది ఎంత బాగున్నా ఎవరూ ఔననరు, కాదనరు.

మన దగ్గర ఇబ్బంది వేరు. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగులు నింపిన లక్షకు పైగా ప్రశ్నాపత్రాల నుంచి 'పవర్ డిస్టెన్స్' స్కోర్లు తీశారు. పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య దూరాన్ని జనం ఎంతగా ఒప్పుకుంటారో చెప్పే కొలత ఇది, అంకె పెరిగితే దూరం ఎక్కువని. ఇండియాకు 77, జపాన్‌కు 54, అమెరికాకు 40. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పడానికి మనం జంకుతాం, కాబట్టి కింది ఉద్యోగికి తెలిసిన నిజం చాలాసార్లు పైదాకా చేరదు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. అయితే అవి దేశాల సగటులే, మీ బాస్ ఎలాంటివారో ఆ అంకె చెప్పదు.

ఈ సీజన్‌లో నాన్నగారి పక్కన కొన్ని రోజులు కూర్చోండి. టిక్కీ (మిర్చి బస్తా)లోంచి గుప్పెడు తేజ రకం కాయలు తీసి, నొక్కి, విరిచి, తేమెంతో, తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఎంతో చెప్పేస్తారు. ఆ జ్ఞానం ఏ ఎక్సెల్ షీట్‌లోనూ ఉండదు. ఇలాంటి చేతి అనుభవాన్ని బయటికి తీసి అందరికీ పంచడమే జపాన్ కంపెనీల బలమని జపాన్ మేనేజ్‌మెంట్ పండితులు నొనాకా, తకెయుచి 1995లో రాశారు. నాన్నగారు ఏం చూసి ఏ ధర పలుకుతుందంటున్నారో రోజూ రాసుకుని, దాన్నే ప్రాజెక్టు చేయండి. ఇంటర్వ్యూలో అరువు తెచ్చుకున్న కేస్ స్టడీల కంటే ఇది బాగా నిలబడుతుంది.

జపనీస్ కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ముందు అన్నిటికంటే తేలికైన ఎన్5 రాసి, తర్వాత ఎన్4కి వెళ్లండి.