పాఠకుల ప్రశ్నలు: ఉప్పుగాలికి పొన్న

ప్రశ్న: మాకు కావలికి తూర్పున, సముద్రానికి మైలు దూరంలో రెండెకరాల ఇసుక నేల ఉంది. మామిడి మొక్కలు నాటాము కానీ ఉప్పుగాలికి ఆకులు అంచుల నుంచి మాడిపోతున్నాయి. ఈ మధ్య ఒక నర్సరీవారు వచ్చి, మామిడి తీసేసి పొలమంతా పొన్న నాటమని, గింజల నూనెతో డీజిల్ చేస్తారు కాబట్టి ఐదో ఏటి నుంచే ఆదాయం వస్తుందని చెప్పారు. నమ్మవచ్చా?
– ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: చెట్టును గురించి వారు చెప్పినది నిజమే కానీ, ఆదాయం మాట నమ్మి మామిడి తీసేయకండి. పొన్న నూనె నుంచి బయోడీజిల్ తయారవుతుందని ప్రయోగాలలో రుజువైంది. ఎండిన పప్పులో సగానికి పైగా నూనే ఉంటుంది. అయితే ఆ నూనెలో జిగురు, ఆమ్లగుణం ఎక్కువ కావడం వల్ల ముందుగా శుద్ధి చేయక తప్పదు. పైగా చెట్టు నిదానంగా పెరుగుతుంది, చెప్పుకోదగిన కాపుకు ఏడెనిమిదేళ్లు పడుతుంది. నాలుగైదేళ్లకు కొట్టి అమ్ముకునే సరుగుడుతో దీన్ని పోల్చి లెక్కలు వేయడం తగదు. కాయలు కొనేవారు ఎవరో, ఏ ధరకో రాతపూర్వకంగా చూపించమని ఆ నర్సరీవారినే అడగండి.

మీకు పొన్నతో అసలు అవసరం తూర్పు గట్టు మీద ఉంది. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి పసిఫిక్ దీవుల దాకా సముద్రపు ఒడ్డునే పెరుగుతూ వచ్చిన చెట్టు ఇది. దాని కాయలు నీటిపై తేలుతూ కొత్త తీరాలకు చేరతాయి. ఏడాది పొడవునా పచ్చగా ఉండే దళసరి, నున్నటి ఆకులు ఉప్పు తుంపరను తట్టుకుంటాయి. ఒక ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి: నడిమి ఈనె నుంచి అంచుల దాకా సన్నటి ఈనెలు దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా కనిపిస్తాయి, తొడిమ తుంచితే తెల్లని పాలు కారతాయి. మీ గట్టు వెంట పది పన్నెండు అడుగుల ఎడంలో ఒక వరుస నాటితే, అవి గుబురెక్కిన తరువాత వెనకనున్న మామిడికి గాలి ఉద్ధృతి తగ్గుతుంది. అప్పటిదాకా సముద్రం వైపు ఒక వరుస సరుగుడు పెట్టుకుంటే పొన్నకూ అండగా ఉంటుంది.

మొక్కలు కొననక్కరలేదు. చెట్టు కింద రాలిన పండు కాయలు ఏరి, పైతోలు తీసి, గట్టి పెంకును పప్పుకు దెబ్బ తగలకుండా సుత్తితో మెల్లగా పగలగొట్టి తీసేయండి. పెంకు తీసిన గింజ మూడు నాలుగు వారాలలో మొలకెత్తుతుంది; పెంకుతోనే పాతితే దాదాపు రెండు నెలలు పడుతుంది, చాలామంది ఈలోపే విసుగెత్తి సంచులు పారేస్తారు. మొక్క అడుగు దాటాక, మన జిల్లాకు వానలనిచ్చే ఈశాన్య రుతుపవనం మొదలవగానే, అంటే అక్టోబరులో, రెండడుగుల గుంటలో చెరువు మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నాటండి. తొలి రెండు వేసవులూ నీరు పోయాలి, తూర్పు వైపు తాటిమట్టలు అడ్డం పెట్టాలి.

కలప ఎర్రగా, గట్టిగా ఉంటుంది; తీర ప్రాంతాలలో పడవలకు వాడతారు. ఆకుపచ్చని నూనె ఒకప్పుడు దీపాలకు, ఇప్పుడు సబ్బులకు, చర్మపు పూతలకు పనికివస్తోంది. తినడానికి మాత్రం ఆ నూనె గానీ పప్పు గానీ పనికిరాదు, విషగుణం ఉంది; పిల్లలు ఆ కాయలతో గోలీలాడుకుంటే తప్పులేదు, నోట పెట్టుకోకుండా చూసుకోవాలి.

ప్రశ్న: పొన్న, పున్నాగ ఒకటేనా? మా ఇంటి ముందు పున్నాగ ఉందని అందరూ అంటారు.
– ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: సంస్కృతంలో పున్నాగమంటే పొన్నే. బ్రహ్మోత్సవాలలో కృష్ణుడిని ఊరేగించే పొన్న వాహనం కూడా ఈ చెట్టు పేరు మీదిదే. వాడుకలో మాత్రం మనవాళ్లు ఆకాశమల్లెను పున్నాగ అంటున్నారు. పొడవాటి సన్నని గొట్టం చివర తెల్లని రేకులుండి, తెల్లవారేసరికి వాకిలంతా రాలే పువ్వు అది. పొన్న పువ్వుకు గొట్టం ఉండదు, తెల్లని రేకుల నడుమ పసుపుపచ్చని కేసరాలు కుచ్చులా ఉంటాయి. మీ వాకిట్లో రోజూ ఊడ్చి పోసేది ఏ పువ్వో చూసుకోండి.